లల్లా తాము ఇంగ్లిషు పరీక్ష

ఫెజ్ నగరం బజారులో లల్లా తాము అనే దర్జీ పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగు సూదులుంటాయి. ఆమె కుట్టిన జెల్లాబా అనే పొడవాటి అంగీ ముసుగులోకి వాన చినుకైనా అడిగే దూరుతుందట! కొనేవాళ్లకు తన చేత్తో తొడగనిదే అమ్మదు. టూరిస్టుల వీధిలో కొట్టు దక్కాలంటే మాత్రం ఇంగ్లిషు పరీక్ష నెగ్గాలి.

"తొడుక్కోవడానికీ, వేసుకుని ఉండడానికీ ఇంగ్లిషులో తేడా చెప్పండి" అన్నాడు పరీక్షాధికారి, చలికి చేతులు రుద్దుకుంటూ.

ఆమె సంచిలోంచి ఉన్ని జెల్లాబా తీసి అతని తలమీదుగా దించింది. "ఇది 'పుట్ ఆన్', నాయనా. ఇక విప్పేదాకా 'వేర్'."

"పుస్తకంలో ఉన్నట్టు చెప్పాలి లల్లా, ఇలా తొడిగి కాదు. సున్నా!"

"అయితే విప్పు. సున్నా జవాబు నీ ఒంటిమీదెందుకు?"

అతను ఒక చేత్తో జెల్లాబాను మెడ దగ్గర గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో సున్నాకు ముందు ఒకటి చేర్చాడు. పదికి పది.