చీమలు పట్టిన స్లాబు

ముందే చెప్పేస్తున్నాను. ఈ జ్ఞాపకం ముగిసేలోగా ఒక స్లాబు కూలుతుంది, ఒక కేసు కూలుతుంది, ఒక కెమిస్ట్రీ లెక్చరరు పరువు కూలుతుంది. ప్రాణనష్టం మాత్రం లేదు. కొన్ని చీమలు పోయి ఉండవచ్చు గానీ, వాటి తరఫున ఇంతవరకూ ఎవరూ దావా వెయ్యలేదు.

ఆ లెక్చరర్ని నేనే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎమ్మెస్సీ పట్టా తడి ఆరకముందే, అనకాపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాను. ఎమ్మెస్సీ పాసైన కుర్రవాడికి తెలియనిది ఉండదు. తెలిసినది కూడా పెద్దగా ఉండదు. ఈ రెండో సంగతి తెలియడానికే కొంత ఖర్చవుతుంది.

అప్పుడే నాకు పెళ్ళి కుదిరింది. అమ్మాయి పేరు ఎస్తేరు, ఎలమంచిలిలో టీచరు. వాళ్ళ నాన్నగారు రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆయన మా ఇల్లు చూడడానికి వచ్చి, హాలు చూశారు, వంటిల్లు చూశారు, మా నాన్న, అమ్మ, నాయనమ్మ పడుకునే ఒకే ఒక్క గది చూశారు. ఇంకేమైనా ఉందేమోనని పెరట్లోకి కూడా తొంగి చూశారు.

"మేడ మీద గది వెయ్యండి బాబూ. గది పూర్తయిన రోజున లైన్ క్లియరు. అప్పటిదాకా బండి ఔటర్లోనే," అన్నారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ ఒకేసారి చూడమని ఎవరూ అనలేదు. నేను చూశాను.

గది కట్టడానికి సన్యాసిరావు అనే కాంట్రాక్టరును మాట్లాడుకున్నాం. ఆయన దగ్గర టేపు ఒకటి, స్కూటరు ఒకటి, వాక్యం ఒకటి ఉండేవి. ఆ వాక్యం: "అది మన మాటలో నేదండి." కిటికీకి చువ్వలు అడిగితే మన మాటలో నేదండి. గుమ్మానికి తలుపు అడిగినా అంతే. కనుక స్లాబుకు అదనపు బలం చేకూర్చే మహత్తర పథకం నాకు తట్టినప్పుడు ఆయనకు చెప్పకూడదని తీర్మానించుకున్నాను. చెబితే బలానికి విడిగా రేటు కడతాడు.

పథకం ఎలా తట్టిందంటే, పెళ్ళి ప్రకటన చదివించే సంగతి మాట్లాడడానికి మా పాత చర్చికి వెళ్ళాను. అక్కడ ఒక సంఘ పెద్ద గోడ మీద అరచేత్తో చరిచి, "ఈ గోడకి మేకు దిగదు బాబూ. ఆ రోజుల్లో కరక్కాయా బెల్లం నానబెట్టిన నీళ్ళు సున్నంలో కలిపి కట్టేరు," అన్నాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. బెల్లం! మాది అనకాపల్లి. మా నాన్న బెల్లం మార్కెట్లో గుమస్తా. ఇంట్లో బియ్యం నిండుకోవచ్చు గానీ బెల్లం దిమ్మలు నిండుకోవు. ఇక ఆ పెద్దాయన "సున్నంలో" అన్నాడా, సిమెంటులో అన్నాడా అనేది చిన్న వివరం. చిన్న వివరాలు పట్టించుకుంటే పెద్ద శాస్త్రజ్ఞులు కాలేరు.

స్లాబు పోసే రోజు తెల్లవారకముందే లేచి, నీళ్ళ తొట్టిలో రెండు దిమ్మలు చితక్కొట్టి కలిపేశాను. కరక్కాయలు దొరకలేదు. సగం జ్ఞానానికి సగం దినుసులు చాలనుకున్నాను.

కూలీలు వచ్చారు. సన్యాసిరావు తొట్టిలోకి చూసి ఆగిపోయాడు.

"ఏటి మేస్టారూ, నీళ్ళేటి డికాషన్ లాగున్నాయి?"

"బోరు నీళ్ళండీ. ఐరన్ ఎక్కువ."

"మరీ వోసనేటండీ, తియ్యగా?"

"పెళ్ళివారిల్లు కదండీ!"

సన్యాసిరావు నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత చాలాకాలం మా ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

మర్నాడు స్లాబు మెత్తగా ఉంది. "సిమెంటుకి టైమివ్వాలండి," అన్నాడాయన. వారానికీ మెత్తగానే ఉంది. బొటనవేలు నొక్కితే ముద్ర పడింది. రిజిస్ట్రారాఫీసులో కూడా అంత స్పష్టమైన ముద్ర పడదు. ఇంకో వారానికి స్లాబు అచ్చం హల్వా తీరుగా, ముక్కలు కోసుకుంటే ఊరందరికీ వచ్చేలా ఉంది.

"ఇదేం స్లాబయ్యా? కలిపింది నువ్వు కాదూ?" అని విరుచుకుపడ్డాను.

"కలిపేనండి. సిమెంటు మీది, ఇసక మీది, నీళ్ళు మీయి. నాది పార ఒక్కటే."

"గట్టిపడేదాకా బాకీ డబ్బు ఇవ్వను."

"ఇవ్వకపోతే స్లాబు కింద సెంట్రింగు తియ్యను. తీత్తే మీ నెత్తి మీదే పడతాది. బాదులకి రోజు అద్దె నడుత్తాది, అది మాత్రం మన మాటలో ఉందండి."

ఆ విధంగా నూతన వధూవరుల గదిలో స్లాబును మోస్తూ సరుగుడు బాదులు అడవిలా నిలబడిపోయాయి. గదిలో మంచం వెయ్యడం అటుంచి, నిలువునా మనిషి దూరడం కష్టం.

పాఠకులు ఇక్కడ అడగవచ్చు: ఒరేయ్, నీకు బెల్లం మీద అనుమానం రాలేదురా? రాలేదు. పైగా నా తర్కం ఏమిటంటే, బెల్లం వేసినా గట్టిపడలేదంటే సన్యాసిరావు పనితనం ఎంత నాసిగా ఉండి ఉండాలి! బెల్లమే లేకపోతే ఈపాటికి అది చారులా కారిపోయేది కాదూ? చదువుకున్నవాడి మూర్ఖత్వంలో ఉన్న సౌకర్యం ఇదే. దానికి ఎప్పుడూ కారణాల కొరత ఉండదు.

అమ్మ ఒక రోజు మేడ మీదికి వడియాలు ఆరబెట్టడానికి వెళ్ళి, గిన్నెతో సహా దిగివచ్చింది.

"ఏట్రా ఇది? స్లాబు మీద ఇన్ని చీమలేటి? ఈగలు కూడా ముసిరేసేయి!"

"సరుకు నాసిరకమైతే అంతేనమ్మా. క్రిమికీటకాలు చేరతాయి," అన్నాను.

అమ్మ మూడో తరగతి. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "ఏమో బాబూ, నువ్వు సదువుకున్నోడివి," అని లోపలికి వెళ్ళిపోయింది. అది పొగడ్త అనుకున్నాను.

లాయరు కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. మా మేనత్త కొడుకు దయానందం బావ ఉన్నాడు. అతని ఆఫీసు కంటే బోర్డు పెద్దది. బోర్డు కొంత గోడ మీద ఉంటే, మిగతాది పక్క కిళ్ళీకొట్టు మీదికి వచ్చేది. నా గోడు విని బావ చేతులు రుద్దుకున్నాడు.

"ఇది కేసు కాదు బావా, బంగారం! వినియోగదారుల ఫోరంలో వేసేద్దాం. ముందు ఆ స్లాబులోంచి ఒక ముద్ద తీసి డబ్బాలో పెట్టి మూత బిగించు. సాక్ష్యం. మిగతాది టార్పాలిన్ కప్పి ఉంచు. అదీ సాక్ష్యమే."

"గెలుస్తామా?"

"నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే గెలుస్తాం."

పిటిషన్ తయారైంది. నాసిరకం పనితనం, మానసిక వేదన, వివాహ విఘ్నం అన్నీ రాశాడు. ఇంకా ఒక పేరా తక్కువైందంటే, చీమల సంగతి కూడా రాయమని నేనే సలహా ఇచ్చాను. "సదరు కాంక్రీటు నాసిరకమగుటచే దానికి చీమలు సైతం పట్టుచున్నవి" అని రాశాడు. చదివి ఇద్దరం మురిసిపోయాం.

ఈలోగా చర్చిలో మా పెళ్ళి ప్రకటన చదివారు. ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాస్టరు గారు అడిగితే ఎవరూ లేవలేదు. అభ్యంతరం చెప్పవలసింది మేడ మీద టార్పాలిన్ కింద ఉంది. వేసవిలో జరగాల్సిన పెళ్ళి వానాకాలంలోకి జరిగింది, అక్కణ్ణుంచి చలికాలంలోకి. ఎస్తేరు ఫోన్ చేసింది.

"మా నాన్న ఇంకో సంబంధం వచ్చిందంటున్నారు. వాళ్ళకి రెండంతస్తులట. రెండూ గట్టిగానే ఉన్నాయట."

"కేసు గెలిచేస్తున్నాం. ఆ డబ్బుతో కొత్త స్లాబు. నన్ను నమ్ము."

"నిన్ను నమ్ముతాను గానీ, నీ స్లాబు కింద కాపరం చెయ్యడమే ఎలాగో తెలీటం లేదు," అంది. వాయిదా తేదీ చెప్పాను. "అదయ్యాక కబురు చెయ్యి. దాన్నిబట్టి నాన్నకి నేనేదో ఒకటి చెప్పాలి," అని పెట్టేసింది. నవ్వుతూ అన్నట్టే ఉంది గానీ, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

వాయిదా రోజున డబ్బా ఒళ్ళో పెట్టుకుని పాసింజర్లో విశాఖపట్నం వెళ్ళాను. ఫోరం గదిలో అధ్యక్షులవారు, పక్కనే ఒక సభ్యురాలు కూర్చున్నారు. అవతల సన్యాసిరావు, అతని లాయరు, వాళ్ళు వెంటబెట్టుకొచ్చిన ఒక రిటైర్డు ఇంజనీరు. ఇంజనీరు గారు అప్పటికే కునుకు తీస్తున్నారు.

బావ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఉట్టి ముద్ద కాదు, యువరానర్! ఒక మధ్యతరగతి వరుడి భగ్నహృదయం!"

అలా బావ భగ్నహృదయం మీద పావుగంట మాట్లాడుతుండగా, గోడ బీటలోంచి ఒక సన్నని నల్లగీత బయల్దేరింది. ఫైళ్ళ కట్ట ఎక్కింది, బల్ల మీదికి దిగింది, మలుపు తిరిగి తిన్నగా నా హృదయంలోకి ప్రవేశించింది. శివాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఈ చీమలు ఎవరి ఆజ్ఞ మీద వచ్చాయో గానీ, సమన్లు అందుకున్న సాక్షులు కూడా అంత టంచనుగా రారు.

సభ్యురాలు చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నారు. "ఏమిటండీ ఇవి?"

"చీమలండీ," అన్నాడు బావ గర్వంగా. "పిటిషన్లో విన్నవించుకున్నాం."

"చీమలు సిమెంటు తింటాయా?"

బావ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. చక్కగా బిగిసిన స్లాబు.

"అయ్యా, నానోపాలి సూడొచ్చా?" అని సన్యాసిరావు ముందుకొచ్చాడు. ముద్దలోంచి చిటికెడు గిల్లి వాసన చూశాడు. నాలిక చివర అంటించుకున్నాడు. కళ్ళు మూశాడు.

"ఓలమ్మో! బెల్లం! మన మార్కెట్ బెల్లమేనండి బాబూ. మేలురకం!"

అనకాపల్లి వాడికి సిమెంటు తెలియకపోవచ్చు. బెల్లం తెలియకపోవడం ఉండదు.

గది గొల్లుమంది. ఇక్కడ దయానందం బావ జీవితంలో మొదటిసారి, బహుశా చివరిసారి, లాయరులా ప్రవర్తించాడు.

"అభ్యంతరం! అది మా క్లయింటు గారి తల్లి వంటింటి డబ్బా, యువరానర్. అందులో ఇదివరకు బెల్లం ఉండి ఉండవచ్చు!"

అధ్యక్షులవారు ఆలోచనలో పడ్డారు. "అంతేనా?" అని నన్నడిగారు.

నేను చెయ్యవలసిందల్లా తల ఆడించడం. దేవుడు మనిషికి మెడ ఇచ్చింది అలాంటి సందర్భాల కోసమే. బావ బల్ల కింద నా కాలు తొక్కుతూనే ఉన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"కాదండీ. డబ్బా కొత్తది. బెల్లం నేనే కలిపాను. స్లాబులో."

"ఎందుకు?"

"బలానికండీ."

బావ నా కాలి మీంచి కాలు తీసేశాడు. ఇక తొక్కి ప్రయోజనం లేదని గ్రహించాడు.

గోలకు ఇంజనీరు గారు మేలుకున్నారు. విషయం చెబితే నిద్రమత్తులోనే, "తీపి తగిలితే సిమెంటు బిగుసుకోదండీ. మూటకి గుప్పెడు చాలు," అన్నారు. దిమ్మలు వేశానని విన్నాక పూర్తిగా మేలుకున్నారు.

"తమరేం చేస్తుంటారు?" అన్నారు అధ్యక్షులవారు.

"లెక్చరర్నండీ."

"ఏ సబ్జెక్టు?"

అబద్ధం ఆడే అవకాశం అప్పటికీ ఉంది. తెలుగు అనొచ్చు. చరిత్ర అనొచ్చు. "కెమిస్ట్రీ అండి," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. నేనే ఉన్నాను. మౌనంగా ఉన్నవాణ్ణి బెల్లం కొట్టిన రాయి అంటారు. నేను రాయిలో బెల్లం కొట్టినవాణ్ణి. నాకు పేరేమీ పెట్టలేదు.

ఫిర్యాదు కొట్టేశారు. సన్యాసిరావు బాకీ, బాదుల అద్దె నేనే ఇవ్వాలన్నారు. బయటికొచ్చాక బావ, "గెలిస్తే మన కేసనేవాణ్ణి. ఇది నీ కేసు," అని రిక్షా ఎక్కేశాడు. సన్యాసిరావు మాత్రం ఆగాడు.

"బోరు నీళ్ళన్నారు. ఐరనెక్కువన్నారు," అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. "రండి మేస్టారూ, టీ తాగుదారి. పంచదార ఎయ్యమంటారా, మీరే తెచ్చుకున్నారా?"

స్లాబు పడగొట్టడానికి సుత్తి అక్కర్లేకపోయింది, పార చాలింది. ఆ పెళ్ళలు వీధిలో పోస్తే మా పేట ఆవులు రెండు రోజులు అక్కణ్ణుంచి కదల్లేదు. చీమల తరవాత ఆ స్లాబు వల్ల తృప్తి పొందిన ప్రాణులు అవే.

ఎస్తేరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను.  ఆ రెండంతస్తుల మేడ నా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అవతల నవ్వు మొదలైంది, ఆగలేదు. వెనకాల వాళ్ళ నాన్నగారి గొంతు కూడా వినిపించింది.

"తల ఆడిస్తే గెలిచేవాడివా?" అంది చివరికి.

"గెలిచేవాణ్ణి."

"ఆడించలేదు కదా. సరే, గది కట్టు. ఆ రెండంతస్తుల వాళ్ళకి వద్దని చెప్పిస్తాను. నాన్న ఒకటి కనుక్కోమంటున్నారు. స్లాబంటే నెలకి గట్టిపడుతుందట, పెళ్ళికొడుకు బుర్రకి ఎన్నాళ్ళు పడుతుందో?"

రెండో స్లాబు సన్యాసిరావే పోశాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు: ఆ రోజు నేను ఊళ్ళో ఉండకూడదు. రాంబిల్లిలో మా పిన్ని ఇంటికి పంపించారు. స్లాబు మర్యాదగా బిగిసింది. కొత్త సంవత్సరం రాకముందే మా పెళ్ళయింది. విందులో సన్యాసిరావు రంగుకాగితం చుట్టిన పెద్ద బహుమతి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బరువుకి చేతులు కిందికి జారాయి. విప్పనక్కర్లేదు. కాగితం మడతల్లో అప్పటికే చీమలు బారులు తీరి ఉన్నాయి.

"ఇది మన మాటలో నేదండి," అన్నాడు. "ఉత్తినే."

కనుక వాది అయిన నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, ఎస్తేరు పక్కన నిలబడి చూస్తుండగా ప్రమాణం చేసి చెప్పునది ఏమనగా: ఇకమీదట బెల్లమును నోటిలో తప్ప అన్యత్ర వెయ్యను. అంతకంటే ముఖ్యముగా, లాయరు కాలు తొక్కినప్పుడు నోరు తెరవను. మొదటి షరతు ఇంతవరకూ తప్పలేదు. రెండోది తప్పే అవకాశం రాలేదు. ఆ తరవాత ఏ లాయరూ నా పక్కన కూర్చోలేదు.