నీళ్లు కలిపిన మందు, ఎడమచేతి నొక్కు

దయ్యాల కథలతో కూడా నేను బేరమాడే రకం. ఎవరైనా తెల్లచీర కట్టుకున్న ఆడమనిషిని చూశామంటే, అంచు ఏ రంగని అడిగి నోరు మూయించేదాన్ని. బళేపేటలో గాజులంగడి వాళ్లింట్లో పుట్టాను. గాజునైనా వేలితో మీటి, మోత వినకుండా కొనను. కనపడనిదాన్ని ఎలా నమ్ముతాను? అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు తొలికాన్పు. పేటకు దగ్గర్లోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్. తెల్లవారి మొదలైన నొప్పులకు మధ్యాహ్నానికల్లా నా ధైర్యం అయిపోయింది. వెన్నులో మందు పెట్టి నొప్పి తగ్గిస్తారట, అదే ఇవ్వమన్నాను.

మత్తు డాక్టరు చిత్తూరు వైపు పెద్దాయన. వెన్నులోకి సన్నని గొట్టం పెట్టి, మందు కాస్త తీసుకుని దాంట్లో సెలైన్ కలపడం ఓరగా చూశాను. వెంటనే నాలోని అంగడి మనిషి లేచింది.

"సార్, నీళ్లెందుకు కలుపుతా ఉండారు? అసలు సరుకే పొయ్యండి."

"చిక్కగా ఇస్తే నొప్పితో పాటు కాళ్లలో బలమూ పోతాది తల్లీ. బిడ్డను నెట్టేదెవరు, నేనా?"

"అయితే పల్చగానే ఇయ్యండి. కొంచెం ఎక్కువ పొయ్యండి."

ఆయన నర్సు వైపు తిరిగాడు. "చూస్తివా సిస్టర్, కొసరు అడుగుతా ఉండాది."

కొసరు ఇవ్వలేదు గానీ మందు పనిచేసింది. నొప్పి పోయింది, కాళ్లు కదిలాయి. చిక్కు చివర్లో వచ్చింది. ఎప్పుడు నెట్టాలో నాకు తెలియడం లేదు. కొందరికి ఒత్తిడైనా తెలుస్తుందట, నాకు అదీ లేదు. పొట్ట మీద చెయ్యి వేసి నర్సు చెప్పేది, నేను నెట్టేసరికి అదను దాటిపోయేది. బిడ్డ గుండె చప్పుడు మందగిస్తోంది. ఇంకాసేపు చూసి ఆపరేషన్ చేసేద్దామంది లేడీ డాక్టరు.

అప్పుడు ఎవరో నా ఎడమచేతి బొటనవేలి కింది ఎముకను రెండుసార్లు నొక్కారు.

ఆ నొక్కు నాకు తెలుసు. మా జేజి, అంటే నాయనమ్మ, అంగట్లో గాజులు తొడిగేది. బిగుతు గాజు ఎముక దాటేముందు అక్కడే రెండుసార్లు నొక్కేది. "ఎముకకు ముందే చెప్పల్ల, అప్పుడు గాజూ పగల్దు, చెయ్యీ నొవ్వదు" అనేది. పేటలో ఇంకెవరూ అలా తొడగరు. నా సీమంతానికి ముందే జేజి పోయింది. సీమంతం గాజులు వేరే ఆమె తొడిగి, చెయ్యి గీరేసింది.

ఆలోచించకుండా నెట్టాను. నేను మొదలుపెట్టాకే నర్సు "ఇప్పుడు" అంది. కాసేపటికి మళ్లీ నొక్కు, మళ్లీ నెట్టాను, మళ్లీ నర్సే వెనకబడింది. మందు దిగిపోయిందేమోనని మత్తు డాక్టరు స్పిరిట్ దూది పొట్టకు అద్ది చూశాడు. చల్లదనం తెలియలేదు, మందు ఇంకా పనిచేస్తూనే ఉంది.

"మరి నీకెట్లా తెలుస్తా ఉండాదమ్మా?"

"చెయ్యి నొక్కుతా ఉండారు కదా."

"నేను పట్టుకునింది ఈ చెయ్యి కదే," అంది కుడిపక్కన ఉన్న మా అమ్మ. ఎడమపక్క సెలైన్ స్టాండు, దాని వెనక గోడ.

నొక్కినప్పుడల్లా నెట్టాను. ఆపరేషన్ గది తలుపు తెరిచేలోపే నా కూతురు పుట్టింది. పుడుతూనే వీధి చివర దాకా వినపడేలా ఏడ్చింది, మా ఇంటి గొంతే. తొలికాన్పులో ఇంత అదనుగా నెట్టినవాళ్లు అరుదంది లేడీ డాక్టరు. పేట మొత్తం సగం ధరకు కొట్టేసినంత గర్వంగా పడుకున్నాను.

మర్నాడు సెలైన్ తీస్తుంటే బొటనవేలి కింద ఎర్రగా కమిలి ఉంది, బిగుతు గాజు దాటిన చోట ఉండేట్టు. ప్లాస్టరు ఒరుసుకుని ఉంటుందన్నాడు మత్తు డాక్టరు. ప్లాస్టరు మోచేతి దగ్గరుందని చూపించాను. ఆయన ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "కొసరు దొరికినట్టుండాదే" అని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఎందరో ఎన్నో కారణాలు చెప్పారు. అన్నిటినీ వేలితో మీటి చూశాను. ఒక్కటీ సరిగ్గా మోగలేదు.