వెనక నడిచే అవ్వ

ఆ చలికాలం కిడ్నీ రోగుల సహాయానికి చందాలు పోగుచేయాలని పెనుకొండ కోట దాకా నడక పెట్టారు. ధర్మవరంలో చీరల అంగట్లో పొద్దస్తమానం కూర్చునే నేనూ బయలుదేరాను. అందరికన్నా వెనక ఒక అవ్వ వస్తోంది. నడిచేవాళ్ళకు పంచిన టీషర్టును చీర మీదే తొడుక్కుని, పైన కంబళి కప్పుకుంది. పాపం, ముసలామె ఒంటరైపోతుందని నేను నెమ్మదించాను. ఆమె ఇంకా నెమ్మదించింది. చెప్పు సరిచేసుకునే నెపంతో ఆగాను. ఆమె కూడా కర్ర ఆనించుకుని ఆగింది. జనమంతా మలుపు దాటిపోయారు.

"రా అవ్వా, నీ కోసమే నిలబడినా" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "నా కోసమా! నువ్వు కుంటుతాండావని నేను నిలబడితి. గొర్రెలు కాసేదాన్నబ్బా, ఎప్పుడూ ఎనకే నడుస్తా. ఒకతూరి ముందర పోతే ఒక పిల్ల యాడనో నిలిచిపోయ. ఊఁ, నడువు నడువు!"

దారంతా నన్ను అలాగే తోలుకొచ్చింది. మేం కోట చేరేసరికి అందరూ ఉప్మా తిని చేతులు కడుక్కుంటున్నారు. లోపలికి అడుగు పెట్టబోతూ ఆమె వెనక్కి తిరిగి, ఖాళీ రోడ్డును ఒకసారి చూసి, తృప్తిగా తలాడించింది.

అప్పటి నుంచి ఏటా కలిసే నడుస్తున్నాం. ఇప్పుడు నాకు నడక బాగా అలవాటైంది, కుర్రవాళ్ళతో సమంగా పోగలను. అయినా హిందూపురం బస్సు దిగి ఆమె నా వైపు రావడం చూడగానే, కొంచెం కుంటడం మొదలుపెడతాను.