రైట్ చెప్పే మనిషి

మా తాతయ్య బిలాస్‌పూర్‌లో రైల్వే గార్డు. రిటైరయ్యాక కూడా ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా గుమ్మంలో నిలబడి, పచ్చజెండాలా తువ్వాలు ఊపి, "రైట్!" అనేవాడు. అత్తని అత్తారింటికి పంపుతూ అందరూ ఏడుస్తుంటే, "టైమైపోతంది, రైట్!" అన్న మనిషి.

చివర్లో ఆస్పత్రి మంచం మీద, ఊపిరందక, నన్నే అడిగాడు.

"ఏటిరా, నాకు రైట్ సెప్పవేటి?"

"సిగ్నల్ పడలేదు తాతా. ఔటర్‌లోనే ఆగు."

నవ్వాడు. నిజంగానే ఆగాడు. సాయంత్రం దాకా ఒక్కో ఊపిరికీ గింజుకుంటూనే ఉన్నాడు. నాకిక జోకులు రాలేదు.

జన్మలో జోకెయ్యని మా నాన్న వంగి, తాతయ్య చెవిలో, "రైట్, నాన్నా. ఇంక ఎల్లు," అన్నాడు.

తాతయ్య చెయ్యి పక్కమీద తువ్వాలు కోసం వెతికింది. తెల్ల దుప్పటి అంచు దొరికితే, దాన్నే కాస్త ఊపాడు.