సురంగల్‌లో వద్దన్నారు, చేవెళ్ళలో అదే చెప్పాను

ఫెలోషిప్ ఆగిపోయాక ‘దరఖాస్తులు ఆహ్వానిస్తున్నాం’ అనే మాట కోసం నా కళ్ళు కాయలు కాచాయి. నేను సమాజశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పూలతోటల్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళ సంపాదన ఇంట్లో ఎవరి మాట మీద ఖర్చవుతుందన్నది నా ప్రశ్న. అలాంటప్పుడు చేవెళ్ళలో సామాజిక శాస్త్రాల పరిశోధకులకు శిక్షణ శిబిరం పెడుతున్నారని, చివరి రోజు ముఖాముఖిలో నెగ్గినవాళ్ళకు ఊళ్ళలో తిరిగి పనిచేయడానికి గ్రాంటు ఇస్తారని తెలిసింది. షరతు ఒక్కటే. మనం ఎవరి గురించి రాయబోతున్నామో వాళ్ళ ఒప్పుదల ముందే తీసుకుని రావాలి. ఈ గ్రాంటు రాకపోతే చదువు అటకెక్కించి ఉద్యోగం వెతుక్కోవాల్సిందే.

శిబిరం చివరి రోజు ముఖాముఖి మధ్యాహ్నం మూడింటికి కాబట్టి ఆ రోజు ఉదయం ఆరున్నరకే మెహిదీపట్నంలో చేవెళ్ళ బస్సెక్కాను. ఆడవాళ్ళు ఆధార్ మర్చిపోకండి, ఉచితంగా జీరో టికెట్ ఇస్తారు. ముప్పావుగంటలో మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ చౌరస్తాలో దిగాను. అక్కడ సురంగల్ తోటలకు కూలీలను తీసుకెళ్ళే నర్సింహ ఆటోలో ముప్పై రూపాయలకు చోటు దొరికింది. చోటంటే సగం నాది, సగం పక్కావిడ టిఫిన్ డబ్బాది. ఇసుక వేస్తే రాలనంత మందిమి ఎక్కినా ఆటో మాత్రం కదల్లేదు.

“ఇంకెవరి కోసం అన్నా?” అని అడిగాను.

“లక్ష్మమ్మ రావాలె మేడం. ఆమె రాంది పోతే వీళ్ళు దిగి నడుస్తరు గని నా బండ్ల కూసోరు.”

లక్ష్మమ్మ వచ్చి ఎక్కాకే ఆటో కదిలింది. తోట చూడగానే వచ్చిన పని మర్చిపోయాను. కంటికి ఆనినంత మేర పసుపు చామంతి, దాని మీద ఇంకా విడిపోని మంచు. కోస్తూనే అందరూ నా ప్రశ్న విన్నారు, పోటీపడి జవాబులు మొదలుపెట్టారు. గుంపుకు పెద్ద అయిన అంజమ్మ, “మా ముచ్చట్లు రాస్తే నీ పుస్తకం సరిపోదు బిడ్డా” అని ఆటపట్టించింది. పని అయిపోయినట్టేనని మనసులో సంబరపడ్డాను. అప్పుడు లక్ష్మమ్మ నడుం నిలబెట్టింది.

“నేను చెప్ప. ఎన్కట ఒకాయన గిట్లనే వచ్చి ఇంట్ల ముచ్చట్లన్ని అడిగి రాస్కొనిపోయిండు. నెల తిరగకముందే ఆ ముచ్చట మా ఆడిబిడ్డ నోట్లకెల్లి ఇన్న. మల్ల జెప్ప.”

అంతే. అందరూ మళ్ళీ పూలకోతలో పడ్డారు. అప్పటిదాకా ఆగకుండా మాట్లాడిన వాళ్ళు ఒక్కరు కూడా ఆమెను బతిమాలలేదు, విసుక్కోలేదు. నేనే ఉండబట్టలేక, “ఆమెను వదిలేసి మీరు చెప్పొచ్చు కదా అవ్వా?” అన్నాను.

“ఎట్ల చెప్తం బిడ్డా?” అంది అంజమ్మ. “ఒక్క గుంపుల ఉన్నం. మా ముచ్చట్ల ఆమె ముచ్చట గూడ ఉంటది. ఆమె వద్దంటే వద్దే.”

ఐకమత్యం గురించి ఎన్నో సెమినార్లలో విన్నాను, కానీ ఒకరి భయాన్ని ఇంతమంది మారుమాట లేకుండా తమదిగా చేసుకోవడం మొదటిసారి చూశాను. నా గ్రాంటు పోతోందన్న బాధ ఉన్నా వాళ్ళ ముఖాల నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. పొద్దెక్కాక లక్ష్మమ్మే నా చేతిలో జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టి, “అది వేరే, బువ్వ వేరే. తిను” అంది.

మొయినాబాద్ దాకా దింపుతూ నర్సింహ నా ముఖం చూసి జాలిపడ్డాడు. “ఫికర్ జెయ్యకు మేడం. వేరే బ్యాచ్ ఉన్నది, జర ఆగితే సంతకాలు నేను పెట్టిస్త.” మూడు గంటల్లో ముఖాముఖి. ఆశ పడలేదంటే అబద్ధం. ఆటో దిగేటప్పుడు, “వద్దులే అన్నా, నువ్వు చెబితే పెట్టే సంతకం ఒప్పుదల కాదు” అన్నాను. చేవెళ్ళ బస్సులో కూర్చున్నాక ఖాళీ ఒప్పుదల కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

“ఒప్పుదల ఏది?” అని ముఖాముఖిలో అడిగారు కమిటీలోని పెద్ద ప్రొఫెసరమ్మ.

“వాళ్ళు వద్దన్నారు మేడం.” ఎందుకు వద్దన్నారో కూడా చెప్పాను.

ఆ గ్రాంటు నాకు రాలేదు. అయితే బయటికి వచ్చాక ఆవిడే పిలిచి, “ప్రకటన చివరి పేజీ చదవలేదా? పరిశోధన మొదలుపెట్టేముందు ఊరితో పరిచయం పెంచుకోవడానికి చిన్న ప్రయాణ సహాయం ఉంది. దానికి ఎవరి సంతకాలూ అక్కర్లేదు, దరఖాస్తు రాయి” అన్నారు. రాశాను. వచ్చింది. బస్సులకు, ఆటోలకు సరిపోతుంది.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునే పరిశోధకులకు ఒక్క సలహా. పెద్ద గ్రాంటు కోసం పరిగెత్తేముందు ప్రకటన చివరి పేజీ దాకా చదివి, ఈ చిన్న సహాయాలకు దరఖాస్తు చేయండి. మన ప్రశ్నకు జవాబివ్వడం ఎవరికీ బాకీ కాదని నాకు ఆ చామంతి తోటలో తెలిసింది. ఆ తెలివిడితో వెళ్ళడానికి సమయం కావాలి. మొన్న ఆదివారం మళ్ళీ సురంగల్ ఆటో ఎక్కాను. లక్ష్మమ్మ ఇంకా సరే అనలేదు. నేనూ అడగలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది, కూర్చున్నాను.