సోమవారం రాసుకున్న పాఠం

దెయ్యాలంటే నాకు నవ్వు. మా ఇంట్లో దీపాలు పెట్టాక గోళ్లు కూడా తీయనివ్వరు, నేను మాత్రం అవేవీ లెక్కచేయను. ఇప్పుడిది చెప్తున్నది కూడా భయంతో కాదు, ఒళ్లుమండి.

నేను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ఆపరేటర్ని. లైన్ లీడర్ కావాలంటే ఇంగ్లిష్ విని రాసే పరీక్ష పాసవ్వాలి. మా విదేశీ ఇంజనీరు గబగబా మాట్లాడతాడు. చదివితే అర్థమయ్యే మాటలే ఆయన నోట్లోంచి వస్తే నాకు ఒక్కటీ అందేది కాదు. రెండుసార్లు తప్పాను. ఈసారి కూడా తప్పితే ఇక రాయనిచ్చేది లేదన్నారు.

అందుకని ఐదు నెలలు ఫోన్లో ఉచిత పాఠాలు విన్నాను. శ్రీకాళహస్తి నుంచి పొద్దున్నే బయల్దేరే కంపెనీ బస్సులో అందరూ నిద్రపోతుంటే, ఒక్కో వాక్యం విని, ఇయర్‌ఫోన్ బటన్ నొక్కి ఆపి, నోట్‌బుక్కులో రాసేదాన్ని. అక్షరాలు కనిపిస్తే కళ్లు అటే పోతాయని ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకునేదాన్ని. దిగేముందు ఆ పేజీ ఫోటో తీసి, చిత్తూరులో టీచరుగా ఉన్న మా సుజాతక్కకి పంపితే తప్పులు దిద్దేది.

ఆ సోమవారం పాఠంలో ఒక ఆడగొంతు ఫ్యాక్టరీ సంగతి చెప్పింది. మూడో బెల్టు దగ్గర కాలిన వాసన వచ్చింది, ఆపరేటరు రెండుసార్లు చెప్పింది, ఎవరూ వినిపించుకోలేదు, మోటారు ఆగిపోయింది. మొత్తం పన్నెండు వాక్యాలు. అక్క రెండు స్పెల్లింగులు దిద్ది పంపింది.

బుధవారం మా షెడ్డులో మూడో బెల్టు మోటారు కాలిపోయింది. ఆ బెల్టు మీదున్న అమ్మాయి అంతకుముందే రెండుసార్లు సూపర్‌వైజరుకి చెప్పిందట. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు.

శుక్రవారం పరీక్ష. హెడ్‌ఫోన్లో ఇంజనీరు గొంతు. మొదటి వాక్యం వినగానే గుర్తుపట్టాను, సోమవారం రాసుకున్నదే. పన్నెండూ అవే, అదే వరుసలో. తెలివితక్కువదాన్ని, పరీక్ష అయ్యాక నేనే వెళ్లి, ఇది నేను ముందే విన్న పాఠమని నోట్‌బుక్ చూపించాను.

హెచ్‌ఆర్ మేనేజరు మొహం ఎర్రబడింది. "ఎవురమ్మా నీకు పేపరిచ్చినాడు?"

"ఎవురూ ఇయ్యలేదు సార్. బస్సులో విని రాసుకున్నా."

బెల్టు గొడవ చూసి కోపమొచ్చి, గురువారం సాయంత్రం తానే అది రాశానన్నాడు ఇంజనీరు. అక్కకి పంపిన ఫోటో చూపించాను, సోమవారం ఉదయం ఆరుంపావు. తేదీ మార్చి ఉంటావన్నారు. అయితే ఆ పాఠం వినిపించమన్నారు. అక్కడే కూర్చుని పాఠాలన్నీ తిరగేశాను. అది లేదు. ఫోన్ బోర్లా ఉంది కదా, ఆ రోజు మోగింది ఎన్నో పాఠమో నేను చూడనేలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇప్పుడే ఇంకోటి చదవండి, రాస్తానన్నాను. ఇంజనీరు చేతికందిన మెషీన్ పుస్తకం తీసి తన మామూలు వేగంతోనే చదివాడు. ఇరవై వాక్యాల్లో పద్దెనిమిది సరిగ్గా రాశాను. అయినా విచారణ అంటూ లీడర్ పోస్టు ఆపేశారు. ఇప్పటికీ అది తేల్చలేదు.

బస్సులో ఇప్పుడు నా పక్కన కూర్చోవడానికి పోటీ. "ఈపొద్దు ఏం జెప్పింది మే ఆ గొంతు?" అని అడుగుతారు. మా అమ్మ అయితే "అమ్మవారే నీ చెవిలో చెప్పుంటాది లే" అంటూ టెంకాయ కొట్టి వచ్చింది.

ఆ పన్నెండు వాక్యాలు ఎక్కడివో నాకు ఈరోజుకీ తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టదు. నాకు మండేది దానికి కాదు. ఆ పన్నెండూ ఏదో గాలి చెప్పిందంటే అందరూ ఇట్టే నమ్మేస్తారు. తర్వాతి పద్దెనిమిదీ నా చెవులతో నేనే విన్నానంటే మాత్రం ఒక్కరూ నమ్మరు.