ప్రెస్ మామ ముఖం రంగు

ఎదురింట్లో అచ్చు ప్రెస్ నడిపే ప్రెస్ మామ పోయారన్న కబురు నాకు కాలేజీలో, వక్తృత్వ పోటీ మధ్యలో అందింది. ప్రత్యర్థికి జవాబివ్వకుండా నేను వేదిక దిగడం అదే మొదటిసారి.

అంత్యక్రియలయ్యాక ఆయన భార్య, మా అత్తమ్మ, నన్ను పక్కకు పిలిచింది. "దినాల కార్డు మీద ఫొటో పెట్టాలె బిడ్డా. మీ మామ మొహం సక్కగున్నదొక్కటి తీసియ్యవా?"

కోరిక చిన్నదే. తీర్చడమే కష్టం. సిద్దిపేటలో ఎందరి ముఖాలనో పెళ్లిపత్రికల మీద, కాలెండర్ల మీద అచ్చువేసిన మనిషికి తన అసలు ఫొటో ఒక్కటీ మిగల్లేదు. మిగిలినవన్నీ రంగులు సరిచూడటానికి అచ్చువేసిన పరీక్ష కాగితాలు. కంప్యూటరు, స్కానరు కొత్తగా తెచ్చుకున్న రోజుల్లో ఏ రంగు మార్చినా ఆయన ముందుగా తన ముఖం మీదే మార్చి చూసేవారు.

"గిరాకీల మొహం ఎర్రగైతె కొట్లాటకొస్తరు. నాది పాడైతె అడిగెటోడెవ్వడు?"

"నేనడుగుత!" అత్తమ్మ లోపలినుంచే అనేది. "పచ్చకామెర్లోని లెక్క ఏసుకున్నవ్!"

ఆ విధంగా బీరువా నిండా ఆయన ముఖాలే. ఒకటి దానిమ్మగింజ ఎరుపు, ఒకటి సున్నం తెలుపు, ఒకటి నాచు పట్టినట్టు. ఏ ఒక్కటీ ఆయన కాదు.

ఒకసారి వాటిలో కాస్త నయంగా ఉన్నదాన్ని భూతద్దం కింద పెట్టి ఆయనను నిలదీశాను. "ఇక్కడున్నవి నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు. చామనఛాయ సిరా మీ దగ్గర లేనేలేదు. కనుక ఈ ఫొటో అబద్ధం."

ఆయన ఆ కాగితం తీసుకుని, వసారా అవతలి గోడ దగ్గరికి వెళ్లి ఎత్తి పట్టుకున్నారు. "ఇప్పుడు చెప్పు వకీలమ్మా, ఏ రంగున్న?"

చామనఛాయే.

"చుక్కలు నావి, కలుపుకున్నయి నీ కండ్లు. అబద్ధమైతె ఇద్దరం కలిసి ఆడినట్టె!"

అత్తమ్మ అడిగాక మళ్లీ ఆ బీరువానే తెరిచాను.

బీరువాలో నయమనిపించిన కాగితాన్ని స్కానర్ మీద పెట్టాను. తెర మీద ఆయన బుగ్గల నిండా పట్టుబట్ట మీది మెరుపుల్లాంటి అలలు లేచాయి. అవి ఎందుకు పుడతాయో ఆయనే ఒక రోజు చూపించారు. రెండు దోమతెరలను ఒకదాని మీద ఒకటి వెలుగుకు పట్టి, "సూడు, రెండింటి గళ్లు ఎదురెదురు నిలవడితె గీ అలలు పుడ్తయి. అచ్చుబొమ్మల చుక్కల వరసలు ఒక తెర లెక్క, స్కానర్‌ది ఇంకో తెర. ఒకటి జర పక్కకు తిరిగితె సల్లవడ్తది" అంటూ ఒకదాన్ని తిప్పారు. అలలు సన్నబడి కరిగిపోయాయి. "పోటీలల్ల నువ్వు గూడ గట్ల జర తిరుగరాదు?" అన్నారు. తిరగనన్నాను.

ఇప్పుడు ఆయన ముఖాన్నే గాజు మీద కొంచెం వాలుగా పెట్టాను. వచ్చిన బొమ్మను కాస్త మసకపరచి, చిన్నది చేసి, నిటారుగా తిప్పాను. అలలు అణిగాయి. కానీ రంగు? సరిచూసుకోవడానికి అసలు ఫొటో లేదు. అత్తమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఎరుపు తగ్గియ్యి. ఇంక జర. గా నలుపెందుకు తీసినవ్? ఎండల తిరిగిన మొహం గది." నేను తగ్గిస్తూ, పెంచుతూ పోయాను. ఒకచోట ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. "గిదే. ఇగ ముట్టకు."

ఒక్కో రంగుకు ఒకటిగా అచ్చు ఫిల్ములు హైదరాబాదులో తీయించి, ఆయన మిషన్ మీదే కార్డులు వేయించాం. మొదటి కార్డును నేను అత్తమ్మకు అందించాను. ఆమె దాన్ని తిరిగి నా చేతికే ఇచ్చి, "పట్టుకో" అని, వసారా అవతలి గోడకు నడిచి, నా వైపు తిరిగి నిలబడింది.

కార్డును ఎత్తి పట్టుకున్నాను. బొమ్మ ఆమె వైపు ఉంది. నాకు కనిపించినవి కార్డు వెనుక తెలుపు, దాని అంచు మీదుగా రెప్ప వేయని ఆమె కళ్లు.